వడగట్టని నీళ్లు

మా మనవరాలు కర్నూల్లో ఇంజనీరింగు చదువుతోంది. ఈ ఎండాకాలం వాళ్ల కాలేజీవాళ్లు పిల్లలను జట్లు జట్లుగా చేసి పల్లెలకు పంపారు. సమాజసేవ ప్రాజెక్టు అట, అది చేస్తేనే మార్కులట. మా పిల్ల జట్టుకు పత్తికొండ అవతల ఒక ఊరు పడింది. పొద్దున్నే కాలేజీ బస్సెక్కి పోవడం, ఇల్లిల్లూ తిరిగి మీరు ఏ నీళ్లు తాగుతారు, ఎక్కడినుంచి తెచ్చుకుంటారు అని అడిగి సెల్‌ఫోనులో ఎక్కించుకోవడం, సాయంత్రం ఎండకు కమిలిన ముఖంతో ఇంటికొచ్చి నా మంచం పక్కకు కుర్చీ లాక్కొని ఆనాటి ముచ్చట్లన్నీ చెప్పడం దానికి అలవాటైంది. నా చెవులు ఇప్పుడు అంతంతమాత్రం కాబట్టి అది గొంతు పెంచి చెబుతుంది, ఇంటిల్లిపాదీ వింటారు.

మొన్నొక సాయంత్రం నవ్వు ఆపుకోలేక ఆపుకోలేక ఒక సంగతి చెప్పింది. ఏదో ఇంట్లో ఒక ముసలామె పిల్లలు ఎండన పడి వచ్చారని నీళ్లు తెచ్చిందట. అవి కొనుక్కున్న క్యాను నీళ్లు, మిషనులో శుద్ధి చేసినవి. ఆ నీళ్లనే ఆమె ఒక తెల్లగుడ్డను మడతపెట్టి గ్లాసు మూతికి అడ్డం పట్టి, వీళ్ల కళ్లెదుట వడగట్టి మరీ అందించిందట. ఫిల్టరు నీళ్లను గుడ్డతో వడగట్టడమేమిటి తాతా అని ఇది నవ్వుతుంటే మా కోడలూ నవ్వింది, మా అబ్బాయీ నవ్వాడు. నాకు మాత్రం నవ్వు రాలేదు. ఆ గుడ్డ అంచుకు ఎర్రదారం కుట్టి ఉందా అమ్మా అని అడిగాను. గుడ్డ అంచు ఎవరు చూస్తారు తాతా అంది. నిజమే, ఎవరు చూస్తారు? కానీ ఆ రోజునుంచీ నా మనసంతా అరవై డెబ్బై ఏళ్లు వెనక్కి పోయి అక్కడే కూర్చుంది, రమ్మన్నా రావడం లేదు.

కర్నూలు రాజధానిగా ఉన్న రోజులవి. మన వయసువాళ్లకు గుర్తుండే ఉంటుంది, ఆఫీసులు గుడారాల్లో ఉండేవి, గుమాస్తాలు చెట్ల కింద వండుకునేవాళ్లు, ఊళ్లో పశువుల కొట్టానికి కూడా అద్దె పలికేది. నేను నందికొట్కూరు పక్క పల్లెనుంచి వచ్చి, నలుగురం కలిసి ఒక గది తీసుకొని, కాలేజీలో చదువుతుండేవాణ్ని. మాకు జంతుశాస్త్రం చెప్పే లెక్చరరుగారు కడప జిల్లాలో వేంపల్లె వైపు ఆయన. సన్నగా, పొడుగ్గా, ఖద్దరు చొక్కా చేతులు మోచేతిదాకా మడిచి, ఎప్పుడూ ఎక్కడికో వేళ మించిపోతున్నట్టు నడిచేవారు. కోపం ముక్కుమీద ఉండేది. కప్పను కోసి చూపించినంత సేపూ బాగానే చెప్పేవారు, చివర్లో మాత్రం పుస్తకం మూసి, ఇది ఎవరింట్లో పనికొస్తుందో చెప్పండిరా అని అడిగేవారు. చదివింది ఎవరో ఒకరి ఇంట్లో పనికిరాకపోతే అది పరీక్ష రాసిన పూటతోనే సరి అని ఆయన నమ్మకం, అది మాటవరసకు చెప్పే నమ్మకం కాదని మాకు తర్వాత తెలిసింది.

ఆ ఏడాది ఆయన మాకు నారికురుపు గురించి చెప్పారు. ఈ కాలపు పిల్లలకు ఆ పేరే తెలియదు, తెలియనక్కరలేకుండా పోవడం ఎంత అదృష్టమో కూడా తెలియదు. మన సీమలో చూసినవాళ్లకు మాత్రం తలుచుకుంటేనే కాలు జిల్లుమంటుంది. కాలి మీద ఒక బొబ్బ లేస్తుంది, మంట పుడుతుంది, బొబ్బ చితికి తెల్లటి దారం లాంటి పురుగు తల బయటపెడుతుంది. దాన్ని చీపురుపుల్లకు చుట్టి రోజుకు కాస్త కాస్త లాగాలి. తెగిందా, కాలు వాచిపోయి మనిషి నెలల తరబడి మంచాన పడతాడు. వేసవిలో, సరిగ్గా చేలల్లో పని మొదలయ్యేవేళకు, ఊళ్లో సగంమంది కాళ్లు చాపుకొని అరుగుల మీద ఉండేవాళ్లు. రక్తంలో వేడి అని కొందరు, గంగమ్మ కోపం అని కొందరు అనేవాళ్లు. అదంతా దిగుడుబావి మెట్ల పని అని లెక్చరరుగారు వివరించారు. కురుపున్న మనిషి మంట చల్లారడానికి మెట్లు దిగి నీళ్లలో కాలు పెడతాడు, పురుగు తన పిల్లల్ని ఆ నీళ్లలో వదులుతుంది, నీళ్లలో ఎగిరే, కంటికి ఆనీ ఆననంత చిన్న నీటినల్లులు వాటిని మింగుతాయి, ఆ నల్లులను మనం నీళ్లతో పాటు తాగుతాం, ఏడాది తిరిగేసరికి ఆ పిల్లే పురుగై కాల్లోంచి బయటికి వస్తుంది. మెట్లు మూసేసి, చుట్టూ గోడ కట్టి, గిలక పెట్టి పైనుంచి చేదుకుంటే ఆ జబ్బు ఊరు విడిచిపోతుంది. అంతవరకూ నీళ్లను దట్టమైన గుడ్డలో వడగడితే చాలు.

పత్తికొండ అవతల ఒక పల్లెలో ఆయనకు తెలిసిన ఉపదేశిగారు, అంటే చర్చిలో ప్రార్థన చేయించి బడి నడిపే ఆయన, ఉండేవారు. ఆ పల్లెకు దూరంగా, క్రైస్తవ కుటుంబాలుండే పేట ఉంది. పేటను అటువైపు గేరి అంటారు. వాళ్ల తాతల నాటి రాతి చర్చి, దాని పక్కన ఒక గది బడి, ఇంకొంచెం అవతల వాళ్లకంటూ ఉన్న ఒకే ఒక దిగుడుబావి. ఊరి బావి దగ్గరికి వాళ్లను రానిచ్చేవాళ్లు కాదు, అది వేరే చెప్పాలా? ఉపదేశిగారి భార్యకు మూడు ఎండాకాలాలుగా నారి అనే ఆ కురుపు వదలడం లేదు. ఆ ఏడు మోకాలికి వచ్చింది. చంటిబిడ్డను ఎత్తుకోలేక, పక్కన పడుకోబెట్టుకొని ఏడుస్తుంటే లెక్చరరుగారు కళ్లారా చూసి వచ్చారు. ఇంకొక్క ఏడు ఇట్లాగే వస్తే ఆ తల్లి కాలు ఇక మడత పడదని, పరీక్షలు కాగానే వచ్చేవాళ్లు రండి, ఆ బావి మెట్లు మూసి వద్దామని అన్నారు. పదిపన్నెండు మందిమి తేలాము.

మా ఇంట్లో సంగతి చెబితే మా అమ్మ ఒకటే శోకం. రాళ్లు మోస్తానన్నందుకు కాదు, గేరిలో నీళ్లు తాగుతానన్నందుకు. మా నాయన మాత్రం నన్ను ఎగాదిగా చూసి, తాగి వచ్చినాక ముందు బయటే స్నానం చేసి లోపలికి రమ్మని తేల్చేశాడు. మా జట్టులో చాలామంది ఇళ్లల్లో ఇదే భాగవతం. లెక్చరరుగారి భార్యను మేము అక్కా అని పిలిచేవాళ్లం. ఆమె తన పాత తెల్లచీర చింపి, తలా ఒక ముక్క వచ్చేట్టు కత్తిరించి, మిగతా గుడ్డల్లో కలిసిపోకుండా అంచులకు ఎర్రదారం కుట్టి ఇచ్చింది. చెంబు మూతికి ఇది అడ్డం పెట్టి తాగండి, మరిచిపోయారంటే చూడండి అని ఒక్కొక్కడి చెవీ మెలిపెట్టినంత పని చేసింది.

మేము దిగేసరికి ఎండ నిప్పులు చెరుగుతోంది. చర్చి ముందర వేపచెట్టు కింద మూటలు దించి కూలబడ్డాం. అప్పుడు ఉపదేశిగారి తల్లి వచ్చింది. గేరి అంతటికీ పెద్దదిక్కు ఆమె, అందరికీ అవ్వే, మాకూ అవ్వే అయింది. తెల్లగా తోమిన ఇత్తడి చెంబుతో నీళ్లు, వెనక ఇద్దరు ఆడపిల్లల నెత్తిన కడవలు. ఇప్పుడు ఆలోచిస్తే ఆ చెంబును ఎంతసేపు తోమిందో, ఇవ్వనా వద్దా అని ఎంత తటపటాయించిందో అనిపిస్తుంది. ఆ ముసలామె పుట్టిన తర్వాత బయటి కులంవాళ్లు ఆమె చేతి నీళ్లకు చెయ్యి చాపడం అదే మొదలు. ఆమె మొదటి చెంబు అందించగానే మేము, చెప్పిన మాట వినే బుద్ధిమంతులం కదా, బిలబిలమంటూ జేబుల్లోంచి గుడ్డలు తీసి, వరుసగా గ్లాసులకు అడ్డం పెట్టుకొని నిలబడ్డాం.

అవ్వ చెయ్యి ఆగిపోయింది. మా అందరినీ ఒకసారి ఈ కొసనుంచి ఆ కొసదాకా చూసి, పెద్దగా కూడా అనలేదు.

“ఏమప్పా, మా నీళ్లు వడగట్టుకుంటాండారా? మా మైలంతా గుడ్డలో నిలిచిపోయి, నీళ్లు మాత్రం దిగుతాయా?”

అని చెంబు వంచి నీళ్లన్నీ నేల మీద పారబోసింది. ఎండిన నేల, చూస్తుండగానే ఇంకిపోయాయి. పిల్లలను కడవలతో సహా వెనక్కి తిప్పుకొని పోయింది. మాకు తల కొట్టేసినట్టయింది. అందరం లెక్చరరుగారి వైపు చూశాం. సాయంత్రానికల్లా గేరి పెద్దమనిషి ఒకాయన వచ్చి, కోపం లేకుండానే, చేతులు కట్టుకొనే, “మా నీళ్లు మీకు పనికిరానప్పుడు మా బావితో మీకేం పని ఉండాది సారూ? తెల్లారి బస్సుకు పోండి” అని చెప్పేశాడు. ఉపదేశిగారు ఎంత నచ్చజెప్పినా ఎవరూ వినలేదు. పురుగుల మాట చెబితే, నీళ్లలో పురుగు ఉండేది మీ గ్లాసుకే కనిపించిందా అన్నారట. లోపల మంచం మీద ఆయన భార్య మూలుగుతోంది.

మాలో కొందరికి పౌరుషం వచ్చింది. సాయం చేద్దామని వస్తే పొమ్మంటారా అని గొణిగారు. లెక్చరరుగారికి అప్పుడు వచ్చింది కోపం. ఇన్నేళ్లూ మనవాళ్లు వాళ్ల చేతి నీళ్లు ముట్టలేదు, ఇవాళ ముడతామని వచ్చిన మనం గుడ్డ అడ్డం పెట్టుకొని వచ్చాం, వాళ్లు ఇంకేమనుకోవాలి, తప్పు మీది కూడా కాదు, వడగట్టమని చెప్పింది నేను, వాళ్ల కళ్లతో అది ఎట్లా కనిపిస్తుందో ఆలోచించకుండా చెప్పాను అని మమ్మల్ని నోరెత్తనివ్వలేదు.

మరునాడు పొద్దున బస్సు వేళకు మేము మూటలు కట్టుకున్నాం. ఆయన మాత్రం చొక్కా చేతులు మడుచుకుంటూ నేరుగా అవ్వ వాకిట్లోకి పోయి, గడప ముందు నేల మీద చతికిలబడ్డారు. మేము వెనకాలే పోయి గోడ వార నిలబడ్డాం. ఆయన క్లాసులో మాట్లాడే తెలుగు అంతా ఎక్కడ పోయిందో, అచ్చం వాళ్ల ఊరి మాట వచ్చింది.

“అవ్వా, దప్పికైతాండాది. రోంత నీళ్లు పొయ్యి.”

అవ్వ లోపలినుంచి రాలేదు. ఆయన లేవలేదు. బస్సు హారను మోగించుకుంటూ వెళ్లిపోయింది. ఎండ ఆయన వీపు మీదికి, వీపు మీదినుంచి నెత్తి మీదికి వచ్చింది. గేరిలో జనం ఒక్కొక్కరే వచ్చి చేరారు. చిట్టచివరికి అవ్వ అదే ఇత్తడి చెంబుతో గడపలో నిలబడింది.

“నీ గుడ్డ యాడ పెట్టినావు అయ్యవారా?”

“అది పిల్లోళ్లది అవ్వా. వాళ్లు ఒకరి బిడ్డలు, నేను పిలుచుకొచ్చినా. నాకు గుడ్డ అక్కరలేదు, పొయ్యి.”

దోసిలి పట్టారు. అవ్వ పోసింది. ఆయన గొంతు కదులుతుంటే ఆమె కళ్లు ఆ గొంతు మీదే ఉన్నాయి, మా కళ్లూ అక్కడే ఉన్నాయి. ఆమె చూస్తున్నది ఒకటి, మేము చూస్తున్నది ఒకటి. ఆ నీళ్లలో ఏముందో మాకు తెలుసు. చెంబు సగమయ్యాక, “ఇంగా పొయ్యల్లా?” అని అడిగింది. పొయ్యమన్నారు. చెంబు ఖాళీ అయిందాకా తాగి, మూతి తుడుచుకొని, ఇప్పుడు గాజుగ్లాసులో కొన్ని నీళ్లు పొయ్యి అవ్వా, ఒకటి చూపిస్తా అన్నారు.

ఆ గ్లాసును ఎండకు ఎత్తి పట్టుకొని, అవ్వ కోడలు పడుకున్న మంచం దగ్గరికి తీసుకుపోయారు. అవ్వ చూపు ఆనలేదు గానీ కోడలికి కనిపించాయి, దుమ్ము రేణువుల్లాంటి తెల్ల చుక్కలు నీళ్లలో టపటపా ఎగురుతున్నాయి. ఆమె ఆ గ్లాసును ఇట్లా తిప్పి అట్లా తిప్పి చూసి, తన మోకాలికి చుట్టిన కట్టు వంక చూసుకుంది. ఎవరూ ఏమీ చెప్పకుండానే ఆ గదిలో అందరికీ అర్థమయింది. కులం సంగతి కాదు, గుడ్డ ఇందుకని.

“తెలిసి తెలిసీ నువ్వెందుకు తాగితివప్పా?” అంది అవ్వ.

“నువ్వు పోస్తివి కదా అవ్వా.”

ఇంక ఆ గేరిలో మాకు ఎదురులేదు. అవ్వ ఒక్క కేక వేస్తే గడ్డపారలు, తట్టలు, మనుషులు అన్నీ బావి దగ్గర ఉన్నాయి. మీరు వడగట్టుకొనే తాగండి నాయనా, నేనేమీ అనుకోను అని మా గుడ్డలు మూటల్లోంచి తనే తీసి మా చేతికి ఇచ్చింది. లెక్చరరుగారు కూడా ఆ పూటనుంచి వడగట్టుకొనే తాగారు. మేము గుట్ట దగ్గరినుంచి రాళ్లు మోసేవాళ్లం, వాళ్లు సున్నం కలిపి పేర్చేవాళ్లు. అరచేతులు బొబ్బలెక్కి పుస్తకం పట్టుకోవడానికి కూడా పనికిరాకుండా పోయాయి. మధ్యాహ్నం జొన్నరొట్టె, రోట్లో నూరిన చెనిక్కాయల ఊరుబిండి, కొరుక్కోవడానికి పచ్చి ఎర్రగడ్డ, అదే ఉల్లిపాయ. అంత రుచిగా నేను మళ్లీ ఎక్కడా తినలేదు, ఈ మాట మా ఆవిడ బతికుండగా ఎప్పుడూ పైకి అనలేదు గానీ అది నిజం. మెట్లన్నిటినీ రాతిగోడ మూసేసింది, పైన చుట్టుగోడ లేచింది, బండరాతి స్తంభాలకు గిలక వేలాడింది. ఆ సాయంత్రం లెక్చరరుగారు అందరినీ కూర్చోబెట్టి, ఇప్పటికే కడుపులో ఉన్నవి వచ్చే ఎండాకాలం బయటపడతాయి, గోడ ఫలం ఆ తర్వాతి ఏడాది కనిపిస్తుంది అని చెప్పారు. చెప్పారు గానీ ఆ సంబరంలో ఎవరు విన్నారు? చేంతాడు మీదికి ఎవరు ముందు పోవాలని ఆడవాళ్లు తోసుకుంటున్నారు.

ఏడాది గడిచింది. దారిలో కనిపించినప్పుడల్లా మేము ఆయన కాళ్ల వంక చూసేవాళ్లం. ఆయనకు తెలిసిపోయి, ఇంకా టైముంది పోండిరా అని తరిమేవారు. మళ్లీ ఎండలు ముదిరాక ఒక పొద్దున లాబరేటరీలో ఆయన చెప్పు విప్పి, పాదం స్టూలు మీద పెట్టి, అందరూ దగ్గరికి రండి, పుస్తకంలో బొమ్మ కన్నా ఇది నయం అన్నారు. చీలమండ పైన బొబ్బ. ఆయన అదెంత ఉంది, ఎక్కడ తెరుచుకుంటుంది అని నిదానంగా పాఠం చెప్పుకుంటూ పోయారు. ఇంటికి దింపడానికి పోతే అక్క ఒంటికాలి మీద లేచింది.

“ఊళ్లో బావికి గోడ కడితిరి, మీ నోటికి ఒక గోడ కట్టుకోలేకపోతిరా?”

అంటూనే లోపలికి పోయి, వేడినీళ్లు పెట్టి, మాకు కనపడకుండా కొంగుతో కళ్లు తుడుచుకుంది. చెప్పిన మాట వినని మనిషిని కట్టుకున్నానని ఆ రోజంతా మాతో చెబుతూనే ఉంది.

ఆ వారంలోనే ఉపదేశిగారు చర్చి పనిమీద కర్నూలుకు వచ్చి, లెక్చరరుగారి ఇంటికి తల వేలాడేసుకొని వచ్చారు. గేరిలో ఎప్పటిలాగే మళ్లీ నారి లేచింది. ఆయన భార్యకు ఈసారి రెండో కాలికి. మెట్లు మూస్తే రాదన్నారు, వచ్చింది కదా, ఇంక ఈ గోడ దేనికి, చేంతాడు లాగలేక ఆడోళ్ల చేతులు పగులుతున్నాయి, గోడకు తగిలి కడవలు పగులుతున్నాయి, ఆదివారం ప్రార్థన కాగానే గోడ పగలగొట్టి మెట్లు తెరుస్తామని మగవాళ్లంతా అనుకున్నారట. మెట్లు తెరుచుకుంటే కురుపున్న కాళ్లన్నీ ఆ రోజే నీళ్లలోకి దిగుతాయి. చేసిన పనంతా మట్టికొట్టుకుపోతుంది, ఆ కోడలు పిల్ల కాళ్లు ఇక అంతే సంగతులు.

డాక్టరు కదలొద్దన్నాడు. అక్క గుమ్మానికి అడ్డం నిలబడింది. ఆయన చీపురుపుల్ల చుట్టిన కట్టు మీద ఇంకో గుడ్డ కట్టుకొని, నా భుజం మీద చెయ్యి వేసి బస్సెక్కారు. మొండిఘటం అంటే అట్లా ఉండాలి. పత్తికొండ దాటాక ఎద్దులబండి. ఆ రాళ్లబాటలో బండి ఎగిరిపడినప్పుడల్లా ఆయన పళ్లు బిగించేవారు, నా భుజం మీద వేళ్లు దిగబడేవి. మేము చేరేసరికి జనం బావి చుట్టూ ఉన్నారు, గడ్డపారలు చేతుల్లో ఉన్నాయి. ఆయన కుంటుకుంటూ పోయి చుట్టుగోడ మీద కూర్చొని, ముందు కట్టు విప్పారు.

పైకెత్తిన గడ్డపారలు కిందికి దిగాయి. ఆ గేరిలో ఆ తెల్లదారం తెలియని మనిషి లేడు. కానీ చెప్పులేసుకొని కర్నూల్లో తిరిగే అయ్యవారి కాలికి అది ఉండడం వాళ్లెప్పుడూ చూసి ఎరగరు. అవ్వ జనాన్ని తోసుకుంటూ ముందుకొచ్చింది.

“అవ్వా, ఈడ నీళ్లు నేను వడగట్టకుండా తాగింది ఎప్పుడు?”

“నా వాకిట్లో. పోయినేటి ఎండాకాలం, ఆ ఒక్క పొద్దే” అంది అవ్వ.

“కర్నూల్లో మేం తాగేది తుంగభద్ర నీళ్లు. ఆడ ఎవరికీ నారి రాదు. మరి నా కాల్లోది ఎప్పటి నీళ్లు? గోడ కట్టకముందువి. ఏడాది నా ఒంట్లో ఉండి ఇప్పుడు బయటికొస్తాండాది. మీకొచ్చినవీ అప్పటివే. గోడ కట్టినంక తాగినవి మంచివో చెడ్డవో వచ్చే ఎండాకాలం తెలుస్తాది. అంతవరకు ఈ గోడను ఉండనీయండి. అప్పటికీ వస్తే నేనే వచ్చి పగలగొడతా.”

అవ్వ నేల మీద కూర్చొని ఆయన కాలు తన ఒళ్లోకి తీసుకుంది. బండి కుదుపులకు ఆ దారం లోపలే తెగిపోయి ఉంది, పాదం అప్పటికే వాచి ఎర్రబడుతోంది. ఆమె దాన్ని చూస్తూ, “నా చేత్తోనే పోస్తిని గదప్పా. కొడుకులాంటోడికి నా చేత్తోనే పోస్తిని” అని అందరి ఎదుటా భోరుమంది. ఆయన కంగారుపడిపోయి, ఆ నీళ్లు తాగకపోతే మమ్మల్ని నీ బావి దగ్గరికి రానిచ్చేదానివా అవ్వా అని అడిగారు. ఆమె ముక్కు చీదుకొని ఆలోచించి, రానిచ్చేదాన్ని కాదు అంది. అంత దుఃఖంలోనూ అబద్ధం చెప్పలేదు. తర్వాత లేచి, గడ్డపారలు పట్టుకున్నవాళ్ల వైపు తిరిగి, ఆ గోడ మీద పడే దెబ్బ నా మీద పడినట్టే అని చెప్పి, వాళ్లు ఒక్కొక్కరూ వెళ్లిపోయేదాకా అక్కడే నిలబడింది.

లెక్చరరుగారు ఆసుపత్రిలో చాలాకాలం ఉన్నారు. చీలమండ గట్టిపడిపోయి, ఆ పరుగులాంటి నడక పోయి, ఆ తర్వాత బతికినన్నాళ్లూ ఎడమకాలు ఈడుస్తూనే నడిచారు. ఎవరైనా అడిగితే చిన్నప్పుడు చెట్టెక్కి పడ్డానని చెప్పేవారు. అక్క మాతో మాట్లాడడం మానేసి, మళ్లీ తనే భోజనానికి పిలిచింది.

మూడో ఎండాకాలానికి నాకు డోన్‌లో బడిపంతులు ఉద్యోగం వచ్చింది. సెలవు పెట్టి, ఆయనతో కలిసి మళ్లీ ఆ పల్లెకు పోయాను. గేరి మొదట్లో అరుగులు ఖాళీగా ఉన్నాయి. ఎవరూ లేరేమిటా అని ఇళ్లల్లోకి తొంగి చూసుకుంటూ నడిచాం. తర్వాత తెలిసింది, అంతా చేలల్లో ఉన్నారు. ఆ వేళప్పుడు అరుగుల మీద కాళ్లు చాపుకొని ఉండాల్సినవాళ్లంతా చేలల్లో ఉన్నారు. బావి దగ్గర ఉపదేశిగారి భార్య చీర కుచ్చిళ్లు పైకి దోపుకొని చేంతాడు లాగుతోంది, పిల్లవాడు ఆమె కాళ్ల చుట్టూ పరుగెత్తుతున్నాడు. లెక్చరరుగారు గోడకు చేరగిలబడి, చాలాసేపు ఆ బొక్కెన పైకి రావడం, నీళ్లు కడవలోకి పడడం చూస్తూ ఉండిపోయారు. ఆయన ముఖంలో అంత తృప్తి నేను మరెప్పుడూ చూడలేదు.

అవ్వ మమ్మల్ని వాకిట్లో కూర్చోబెట్టి ఇత్తడి చెంబు తెచ్చింది. నేను అలవాటుగా జేబులో చెయ్యి పెట్టబోయాను. ఆమె ఆగమని చెయ్యి అడ్డం పెట్టి, దండెం మీదినుంచి తెల్లగుడ్డ ఒకటి తీసి దులిపి, మా కళ్లెదుటే గ్లాసు మీద మడతపెట్టి తనే వడగట్టి అందించింది. గుడ్డ అంచుకు ఎర్రదారం ఉంది. మొదటి ఏడు మాలో ఎవరో మరిచిపోయి వచ్చిన ముక్క చూసి, తన పాతచీరతో అట్లాంటివే కుట్టుకుందట. గోడ కట్టాక వడగట్టాల్సిన పనే లేదు అవ్వా అన్నారు లెక్చరరుగారు. ఉండనీప్పా అంది ఆమె. వచ్చినోళ్లు వడగట్టుకుంటే మాకు తలవంపు, మేం వడగట్టి ఇస్తే మా మర్యాద, ఇంగ మా ఇంట్లో ఇదే పద్ధతి, కూతుళ్లకు కూడా చెప్పి పంపించినా అంది. కూతుళ్లు అత్తవారిళ్లకు పోయినప్పుడు ఆ గుడ్డలు వాళ్లతోనే పోయాయి. ఆ చుట్టుపక్కల పల్లెల్లో చాలా ఏళ్లు నేను చూశాను, వాకిట్లోకి ఎవరొచ్చినా కళ్లెదుట వడగట్టి ఇవ్వడం. ఎందుకని అడిగితే మా అత్త ఇట్లాగే ఇచ్చేది అనేవాళ్లు.

అవ్వ పోయింది, లెక్చరరుగారు పోయారు, అక్క పోయింది. నారి ఈ దేశంలోనే లేకుండా పోయిందని ఎప్పుడో పేపర్లో చదివినప్పుడు నాకు ముందు గుర్తొచ్చింది ఆయన దోసిలి. ఈ కథంతా మనవరాలికి చెప్పాను. అది బుద్ధిగా వింది. మంచి పిల్ల, ఎండలో అంతమంది ఇళ్లకు తిరిగింది, అడగాల్సినవన్నీ అడిగింది, మేము రాళ్లు మోసినదానికన్నా ఎక్కువ కష్టమే పడింది. మాకు లేని తెలివితేటలు ఈ పిల్లలకు ఉన్నాయి, నేను కాదనను. చివర్లో నాకు ఒకటే అడగాలనిపించింది, ఆమె వడగట్టి ఇచ్చిన ఆ నీళ్లు మీరు తాగారా అమ్మా అని.

లేదట. బయట ఎక్కడా నీళ్లు తాగొద్దని కాలేజీవాళ్లు గట్టిగా చెప్పారట, ఎవరి సీసాలు వాళ్ల దగ్గరే ఉన్నాయట. గ్లాసులు అరుగు మీద పెట్టి, థాంక్సు చెప్పి, ఫోటో తీసుకొని వచ్చేశారట. మరి ఆమె ఏమంది అని అడిగాను. మా అవ్వ చెంబు వంచి నేల మీద పారబోసింది, మేము చేసిందేమిటో మా ముఖం మీద చెప్పింది, గేరివాళ్లు బస్సెక్కి పొమ్మన్నారు. మా దగ్గర ఆమె ఒకటి ఆశించింది కాబట్టే అంత కోపం వచ్చింది.

“ఏమీ అనలేదు తాతా. నవ్వి, గ్లాసులు లోపలికి తీసుకుపోయింది” అంది మా మనవరాలు.